జనరేటర్ ఉంది, ప్యానెల్ మునిగింది: ఫుకుషిమా దాయిచీ కేస్ స్టడీ, ఆ తర్వాత అణు కేంద్రాల్లో చేసిన మార్పులు

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా దాయిచీ అణు విద్యుత్ కేంద్రంలో ఏం జరిగిందని అడిగితే చాలామంది చెప్పే మాట ఒకటే: సునామీ వచ్చింది, డీజిల్ జనరేటర్లు మునిగాయి, రియాక్టర్లు కరిగాయి. తప్పు కాదు గానీ, కేంద్రాన్ని మెరుగుపరచాల్సిన ఇంజినీరుకు ఆ మాట చాలదు. అక్కడున్న 13 డీజిల్ జనరేటర్లలో మూడు సముద్రపు నీటి అవసరం లేకుండా గాలితోనే చల్లబడే రకం. వాటిలో 2, 4 యూనిట్లకు చెందినవి నేల మట్టంలో ఉన్నాయి, ఇంజన్లు మునగలేదు. అయినా వాటి కరెంటు ఎవరికీ అందలేదు. దాన్ని అందుకుని పంచాల్సిన స్విచ్‌గేర్ బేస్‌మెంట్‌లో నీళ్ల కింద ఉంది. ఆరో యూనిట్‌కు చెందిన మూడోది మాత్రం నడిచింది, దాని స్విచ్‌గేర్ తడవలేదు కాబట్టి. ఆ ఒక్క జనరేటర్ కరెంటును పక్క యూనిట్‌కు కూడా లాగి, 5, 6 యూనిట్లు రెండింటినీ మార్చి 20 నాటికి కోల్డ్ షట్‌డౌన్‌కు, అంటే లోపలి నీరు మరగని సురక్షిత స్థితికి చేర్చారు.

ప్రమాదం తర్వాత ప్రపంచమంతా పంపులూ జనరేటర్లూ కొన్నారు. కొన్న యంత్రాన్ని రియాక్టర్‌తో కలిపే చివరి కొన్ని మీటర్ల పని, అంటే ప్యానెల్, బ్యాటరీ, గేజీ, హోస్ బిగించే నాజిల్, ఎంత శ్రద్ధగా జరిగిందో చూస్తేనే ఆ ఖర్చు పనికొస్తుందో లేదో తెలుస్తుంది. ఈ కేసును ఆ కోణం నుంచే చూస్తున్నాం.

కేంద్రం, ఆ మధ్యాహ్నం

దాయిచీలో ఆరు బాయిలింగ్ వాటర్ రియాక్టర్లు, అంటే లోపలి నీరే మరిగి ఆవిరై టర్బైన్‌ను తిప్పే రకం. ఒకటో యూనిట్ 460 మెగావాట్లు, 2 నుంచి 5 వరకు ఒక్కొక్కటి 784, ఆరోది 1,100. మధ్యాహ్నం 2:46కి భూకంపం వచ్చేసరికి 1, 2, 3 నడుస్తున్నాయి, మిగతావి తనిఖీల కోసం ఆపి ఉన్నాయి. నియంత్రణ కడ్డీలు సరిగానే దిగాయి. బయటి విద్యుత్ లైన్లన్నీ పోయాయి. డీజిల్ జనరేటర్లు వాటంతటవే మొదలయ్యాయి. అక్కడిదాకా అంతా డిజైన్‌లో రాసుకున్నట్టే నడిచింది.

3:27కి మొదటి అల, 3:35 దాటాక అసలు పెద్ద అల. ఒకటి నుంచి నాలుగు యూనిట్లున్న నేల సముద్ర మట్టానికి 10 మీటర్ల ఎత్తు. నీరు 14, 15 మీటర్ల దాకా లేచింది. నిర్మాణ సమయంలో లెక్కలోకి తీసుకున్న సునామీ 3.1 మీటర్లు, 1960 చిలీ భూకంపపు అల ఆ తీరంలో ఎంత లేచిందో చూసి పెట్టుకున్న అంకె అది. 2002లో దాన్ని 5.7కు, 2009లో 6.1కు పెంచారు. మధ్యలో 2008లో కేంద్రాన్ని నడిపే సంస్థ (టెప్కో) లోపలే చేసిన ఒక అంచనా 15.7 మీటర్లు చూపింది. దాని మీద ఇంకా అధ్యయనం జరగాలని పక్కన పెట్టారు, గోడ ఎత్తు పెరగలేదు, స్విచ్‌గేర్ పైకి కదలలేదు.

ఆ రెండు పనుల్లో గోడ మాటే ఎక్కువగా వినిపిస్తుంది. స్విచ్‌గేర్‌ను పై అంతస్తుకు మార్చడమో, ఆ గదిని నీరు చొరబడకుండా బిగించడమో గోడతో పోలిస్తే చాలా చిన్న పని. ఆ చిన్న పని జరిగి ఉంటే 2, 4 యూనిట్ల గాలితో చల్లబడే జనరేటర్లు పనికొచ్చేవి. నియమాలు కూడా ఆ దిశగా ఒత్తిడి పెట్టలేదు. లైన్లో, జనరేటర్లో త్వరగానే తిరిగి వస్తాయన్న నమ్మకంతో, దీర్ఘకాలం పూర్తిగా కరెంటు లేకుండా పోవడాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని అప్పటి జపాన్ డిజైన్ మార్గదర్శకాల్లోనే రాసి ఉంది.

గంటకు ఎన్ని టన్నుల నీళ్లు

రియాక్టర్ ఆగిన క్షణాన అవశేష వేడి, అంటే ఆగాక కూడా ఇంధనం నుంచి వస్తూనే ఉండే వేడి, పూర్తి శక్తిలో 6 శాతం పైన ఉంటుంది. గంట తర్వాత 1.3, 1.4 శాతానికి, ఒక రోజు తర్వాత సుమారు అర శాతానికి దిగుతుంది. ఒకటో యూనిట్ ఉష్ణ సామర్థ్యం 1,380 మెగావాట్లు. అంటే గంట తర్వాత 18, 19 మెగావాట్లు, ఒక రోజు తర్వాత 7 మెగావాట్లు. మామూలు ఉష్ణోగ్రతలో ఉన్న కిలో నీరు ఆవిరైపోవడానికి సుమారు 2.5 మెగాజౌళ్లు పడుతుంది. ఆ లెక్కన మొదటి గంటల్లో గంటకు 25 టన్నుల పైచిలుకు నీరు కావాలి, మర్నాటికి 10 టన్నులు చాలు.

ఒక ఫైరింజన్ తేలిగ్గా ఇవ్వగల నీరే ఇది. కష్టమంతా పీడనంలో ఉంది. పనిచేసే రియాక్టర్ లోపల పీడనం వాతావరణ పీడనానికి 70 రెట్ల దరిదాపుల్లో ఉంటుంది. ఫైరింజన్ తోసేది పది రెట్ల లోపే. ముందు సేఫ్టీ రిలీఫ్ వాల్వ్ తెరిచి ఆవిరిని కింద ఉన్న పెద్ద నీటి తొట్టి, సప్రెషన్ పూల్‌లోకి వదిలి, పీడనం దించాలి. ఆ వాల్వ్ తెరవాలంటే 125 వోల్టుల డీసీ (బ్యాటరీ కరెంటు), కాస్త నత్రజని పీడనం ఉండాలి. పంపు గేటు బయట సిద్ధంగా నిలబడి ఉన్నా, బ్యాటరీ లేకపోతే ఒక్క బొట్టు లోపలికి పోదు. పైగా పీడనం దించితే ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరిగా లేస్తుంది కాబట్టి, బయటి నీరు సిద్ధం కాకముందే దించడం కూడా ప్రమాదమే. ఈ రెండు పనుల వరుస ముందే రాసి, చేసి చూసి ఉండాలి. ప్రమాదం మధ్యలో కనిపెట్టేది కాదు.

ఒకటో యూనిట్: వాల్వ్ ఏ స్థితిలో ఉందో తెలియకపోవడం

ఒకటో యూనిట్‌లో ఐసొలేషన్ కండెన్సర్లు రెండు. రియాక్టర్ ఆవిరి పైకి వెళ్లి, ట్యాంకు నీటిలో చల్లబడి, నీరై కిందికి జారుతుంది. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. వాల్వులు తెరిచి ఉంటే చాలు, ట్యాంకులోని నీరు దాదాపు ఎనిమిది గంటలు ఆదుకుంటుంది. రియాక్టర్ మరీ వేగంగా చల్లబడకూడదు, గంటకు 55 డిగ్రీలు దాటకూడదన్న నియమం ఉంది కాబట్టి ఆపరేటర్లు ఒక కండెన్సర్‌ను తెరుస్తూ మూస్తూ నడిపారు. సునామీ కొట్టిన క్షణానికి అది మూసి ఉంది.

సరిగ్గా అప్పుడే డీసీ పోయింది. పైపు పగిలితే గుర్తించే సర్క్యూట్‌కు కరెంటు పోతే, పైపు పగిలినట్టే భావించి అన్ని వాల్వులకూ మూసుకోమని సంకేతం ఇచ్చేలా ఆ లాజిక్ ఉంది. మామూలు రోజుల్లో అది జాగ్రత్తే. ఆ రోజు అదే ఉన్న ఒక్క చల్లబరిచే దారినీ మూసింది. కంటైన్‌మెంట్ (రియాక్టర్ చుట్టూ ఉండే గట్టి రక్షణ కవచం) లోపలి వాల్వులు ఏసీతో, అంటే లైన్ లేదా జనరేటర్ కరెంటుతో నడిచేవి. మూసుకుంటూ ఉండగా ఏసీ కూడా పోవడంతో అవి ఎంత మూసుకున్నాయో కంట్రోల్ రూమ్‌కు తెలిసే దారి లేదు. సాయంత్రం 6:18కి కొద్దిసేపు డీసీ దీపాలు వెలిగితే బయటి వాల్వులు తెరిచారు, ఆవిరి కాస్త కనిపించి ఆగింది. ట్యాంకులో నీరు లేదేమోనన్న అనుమానంతో 6:25కి ఒకదాన్ని మళ్లీ మూశారు. రాత్రి 9:30కి తిరిగి తెరిచారు. ఆ షిఫ్ట్‌లో ఎవరూ అంతకుముందు ఆ కండెన్సర్‌ను నిజంగా నడిపినవారు కాదు. అది పనిచేస్తుంటే భవనం గోడలోని గొట్టాల నుంచి ఎంత ఆవిరి, ఎంత శబ్దం రావాలో చూసిన కళ్లు అక్కడ లేవు. ఇంతలో అత్యవసర కేంద్రంలోని వారు మాత్రం కండెన్సర్ పనిచేస్తోందనే అనుకుంటున్నారు.

గేజీ ఇంకా ఘోరంగా మోసం చేసింది. నీటి మట్టం కొలిచే పద్ధతిలో ఒక వైపు ఎప్పుడూ నిండుగా ఉండాల్సిన రిఫరెన్స్ గొట్టం ఉంటుంది. కంటైన్‌మెంట్ వేడెక్కేసరికి ఆ గొట్టంలోని నీరు ఆవిరైపోయింది. అప్పుడు రెండు వైపుల తేడా తగ్గి, మట్టం ఎక్కువగా చూపిస్తుంది. రాత్రి 9:19కి బ్యాటరీ కలిపి చదివితే ఇంధనం పైకొసకు 200 మిల్లీమీటర్ల పైన నీరున్నట్టు చూపింది. తర్వాతి విశ్లేషణల ప్రకారం ఆ సమయానికి ఇంధనం బయటపడి, దెబ్బతినడం మొదలై చాలాసేపైంది. గేజీ చచ్చిపోయి ఉంటే ఆపరేటర్ అనుమానించేవాడు. నమ్మదగినట్టు కనిపించే తప్పు అంకె దానికంటే ప్రమాదకరం. ఒకటో యూనిట్ విషయంలో తిరిగిరాని గంటలు అలాగే గడిచిపోయాయి.

మూడో యూనిట్, ఫైరింజన్ నీళ్ల దొంగదారి

మూడో యూనిట్ డీసీ బ్యాటరీలు కాస్త ఎత్తున ఉండి బతికాయి. రియాక్టర్ ఆవిరితోనే నడిచి దానికి నీరు తోసే ఆర్‌సీఐసీ పంపు మార్చి 12 ఉదయం 11:36 దాకా నడిచింది, తర్వాత అధిక పీడన పంపు అందుకుంది. 13 తెల్లవారుజామున 2:42కి దాన్ని ఆపి, పీడనం దించి ఫైర్ పంపుతో నీళ్లు పెడదామనుకున్నారు. ఆపాక వాల్వులు తెరవడానికి బ్యాటరీ బలం సరిపోలేదు. కార్ల నుంచి పన్నెండు వోల్టుల బ్యాటరీలు పది తెచ్చి వరుసగా కలిపారు. 9 గంటలు దాటాక గానీ పీడనం దిగలేదు, 9:25కి నీరు మొదలైంది. ఆపిన క్షణానికీ నీరు పడిన క్షణానికీ మధ్య దాదాపు ఏడు గంటలు.

రెండో యూనిట్‌లో ఆర్‌సీఐసీ డీసీ లేకుండానే దాదాపు మూడు రోజులు నడిచింది. ఆవిరితో పాటు నీరు కలిసి టర్బైన్‌లోకి పోతూ వేగం తనంతట తానే సర్దుకుందని అంచనా. దీన్ని అదృష్టంగా మాత్రమే చూడాలి, డిజైన్ సామర్థ్యంగా లెక్కవేయకూడదు.

ఫైరింజన్ పెట్టాక కూడా నీళ్లన్నీ రియాక్టర్‌కు చేరలేదు. ఫైర్ లైను నుంచి రియాక్టర్‌కు వెళ్లే దారి, మామూలు రోజుల్లో కేంద్రంలో నీటిని సర్దే కండెన్సేట్ మేకప్ పైపుల గుండా ఉంది. ఆ పైపులకు పంపు సీళ్లకు నీరిచ్చే చిన్న లైన్లు, ట్యాంకుకు తిరిగి వెళ్లే లైన్లు తగిలించి ఉంటాయి. పంపు నడుస్తుంటే అవి లెక్కలోకి రావు. పంపు ఆగి, బయటి నుంచి నీరు తోస్తే, గణనీయమైన భాగం ఆ దారుల్లో టర్బైన్ వైపు ఉండే కండెన్సర్‌కు జారిపోయింది. గేటు దగ్గర ఫ్లోమీటర్ ఎంత చూపినా రియాక్టర్‌లో పడింది అంత కాదు.

పాఠం స్పష్టం: హోస్ కలిపే నాజిల్ నుంచి రియాక్టర్ దాకా ఉన్న ప్రతి కొమ్మనూ డ్రాయింగ్ మీద కాదు, పైపు వెంట నడిచి చూడాలి. ప్రతి కొమ్మకూ మూయాల్సిన వాల్వ్ ఏది, అది చేత్తో తిరుగుతుందా, ఎవరు తిప్పాలి, అక్కడి రేడియేషన్ పెరగకముందే చేరగలరా అన్నవి రాసుకోవాలి.

సముద్రపు నీటి సంగతి కూడా లెక్కలో ఉండాలి. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. గంటకు 10 టన్నులు ఆవిరైతే గంటకు 350 కిలోల ఉప్పు లోపల మిగులుతుంది, రోజుకు 8 టన్నుల పైన. కొద్ది రోజులకే ఇంధన కడ్డీల మధ్య దారులు మూసుకుపోతాయి. నీరే లేకపోవడం కంటే ఉప్పు నీరు ఎన్నో రెట్లు మేలు. అందుకే ఒకటో యూనిట్‌లో పై కార్యాలయం నుంచి ఆపమన్న మాట వచ్చినా సైట్ అధిపతి మసావో యోషిదా సముద్రపు నీటిని కొనసాగించారు. కానీ మంచినీటి నిల్వలు, వాటికి దారి ముందే ఉండాల్సింది.

వెంట్, హైడ్రోజన్

ఇంధన గొట్టాల్లోని జిర్కోనియం 1,200 డిగ్రీలు దాటితే ఆవిరితో వేగంగా చర్య జరుపుతుంది. కిలో జిర్కోనియానికి అర ఘనపు మీటరు హైడ్రోజన్, దానితో పాటు బోలెడు వేడి. ఈ యూనిట్ల మార్క్-1 రకం కంటైన్‌మెంట్ లోపల నత్రజని నింపి ఉంటుంది కాబట్టి అక్కడ మండదు. పీడనం డిజైన్ పరిమితిని 1.5 రెట్లకు పైగా దాటాక, వేడెక్కిన సీళ్ల సందుల్లోంచి ఆ వాయువు మామూలు గాలి ఉన్న రియాక్టర్ భవనంలోకి కారింది. మార్చి 12 మధ్యాహ్నం 3:36కి ఒకటో భవనం పేలింది. సరిగ్గా కాసేపటి ముందే పవర్ ట్రక్ నుంచి రెండో యూనిట్ ప్యానెల్‌కు కష్టపడి లాగిన కేబుల్ ఆ శకలాలకు తెగిపోయింది. 14న మూడోది పేలింది. 15న నాలుగోది, ఇంధనం అంతా వాడిన ఇంధనం దాచే నీటి తొట్టి, పూల్‌లోనే ఉన్న యూనిట్. మూడో యూనిట్ వెంట్ (కంటైన్‌మెంట్ పీడనం తగ్గించేందుకు వాయువును బయటికి వదిలే దారి) నుంచి వచ్చిన వాయువు, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చిమ్నీ పైపుల గుండా నాలుగో భవనంలోకి వెనక్కి వెళ్లింది. నాలుగో యూనిట్ ఫిల్టర్లలో కల్మషం బయటి వైపు ఎక్కువ, లోపలి వైపు తక్కువ ఉండడమే దానికి సాక్ష్యం.

వెంట్ తెరవడమూ తేలిక కాలేదు. ఒకటో యూనిట్‌లో మోటార్ వాల్వును చేత్తో 25 శాతం తిప్పారు. గాలితో నడిచే రెండో వాల్వు దగ్గరికి వెళ్లిన జట్టు రేడియేషన్ వల్ల వెనుదిరిగింది. ఎక్కడినుంచో కంప్రెసర్ తెచ్చి బిగించాక, మధ్యాహ్నం 2:30కి పీడనం దిగింది.

పక్క కేంద్రాలు ఏం చెబుతున్నాయి

12 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న ఫుకుషిమా దాయినీలో బయటి లైన్ ఒకటి బతికింది. కంట్రోల్ రూముల్లో గేజీలు వెలుగుతూనే ఉన్నాయి. పోయింది తీరం దగ్గరి పంపులు. ఏ యూనిట్ ఎంతసేపు ఆగగలదో కనబడుతూ ఉండడం వల్ల, దాదాపు 200 మంది 9 కిలోమీటర్ల కేబుల్‌ను భుజాల మీద మోసి ఏ క్రమంలో ఎక్కడ కలపాలో నిర్ణయించుకోగలిగారు. మోటార్లు బయటి నుంచి తెప్పించారు. మార్చి 15 ఉదయానికి నాలుగు యూనిట్లూ చల్లబడ్డాయి. ధైర్యం రెండు చోట్లా ఉంది, గేజీలు ఒక్కచోటే ఉన్నాయి.

ఉత్తరాన అదే తీరంలో ఉన్న ఒనగవా అణు కేంద్రం 14.8 మీటర్ల ఎత్తున కట్టింది. అక్కడికి వచ్చిన అల సుమారు 13 మీటర్లు, భూకంపానికి నేలే ఒక మీటరు కుంగింది. అంటే మిగిలిన తేడా చాలా తక్కువ. అయినా రెండో యూనిట్ బేస్‌మెంట్‌లోకి నీరు వచ్చింది. తీరం మట్టాన్ని దాటి కాదు: సముద్ర మట్టం కొలిచే పరికరం పెట్టిన గుంట మూతను కింది నుంచి తోసుకుని, కేబుల్ ట్రే రంధ్రాల గుండా హీట్ ఎక్స్‌ఛేంజర్ గదిలోకి. దాంతో రెండు డీజిల్ జనరేటర్లు చల్లబరిచే నీరు లేక ఆగాయి. దక్షిణాన ఉన్న తోకై దాయినీ కేంద్రంలో కొత్తగా కట్టిన 6.1 మీటర్ల గోడ అల కంటే ఎత్తుగానే ఉంది. గోడలో కేబుళ్లు వెళ్లే రంధ్రాలు మూసే పని ఒక గుంటలో ఇంకా మిగిలి ఉండడంతో మూడింటిలో ఒక జనరేటర్ పంపు పోయింది. 1999 డిసెంబర్ 27న ఫ్రాన్స్‌లోని బ్లాయే కేంద్రంలోనూ అంతే, కట్ట దాటి వచ్చిన నీరు భూగర్భ గ్యాలరీల తలుపులు, రంధ్రాల గుండా గదుల్లోకి చేరింది.

మరో ఉదాహరణ ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రం, 1993 మార్చి 31. అక్కడ నీరు కాదు, టర్బైన్ బ్లేడు విరిగి మొదలైన మంట. రెండు వరుసల కేబుళ్లూ ఒకే దారిలో వెళ్లడంతో రెండూ కాలి, దాదాపు 17 గంటలు కరెంటు లేదు. డీజిల్‌తో నేరుగా నడిచే ఫైర్ పంపులు ఆవిరి జనరేటర్లకు నీరు పెట్టాయి. ఆ పంపులకు ఏ ప్యానెల్‌తోనూ పని లేదు.

సరిచేసిన తీరు: ముందు రంధ్రాలు

ఒనగవాలో ఇప్పుడు సముద్ర మట్టానికి 29 మీటర్ల గోడ ఉంది, జపాన్‌లోనే మరో కేంద్రం హమావొకలో 22 మీటర్ల గోడ. వాటిని తక్కువ చేయనక్కర్లేదు. కానీ క్రమంలో గోడ రెండోది. మొదటిది, కీలక గది ఒక్కొక్కటీ తనకు తాను నీరు ఆపుకోవడం. స్విచ్‌గేర్, బ్యాటరీ గదులకు నీటి తలుపులు. రెండు చదరపు మీటర్ల తలుపు మీద సగటున ఐదు మీటర్ల నీరు నిలిస్తే దాని మీద పది టన్నుల బరువు పడుతుంది. చాలా తలుపులు ఒక వైపు ఒత్తిడికి గట్టిగా మూసుకుంటాయి, అవతలి వైపు నుంచి తోస్తే సీలు లేస్తుంది. ఏ వైపు నుంచి నీరు వస్తుందో చూసి బిగించాలి. కేబుల్ రంధ్రాల్లో నింపిన నురగ మంటను ఆపడానికి పరీక్షించినది. పది మీటర్ల నీటి ఒత్తిడి, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో, అది తట్టుకుంటుందన్న హామీ లేదు. ఫ్లోర్ డ్రెయిన్లు మరీ మరచిపోయే చోటు. ఒక గదిలో నిండిన నీరు డ్రెయిన్ గుండా పక్క గదిలో పైకి లేస్తుంది, అక్కడ వెనక్కి రానివ్వని వాల్వ్ ఉండాలి, అది తుప్పుపట్టి ఇరుక్కోకుండా చూడాలి. తలుపు తెరిచి వదిలేస్తే కంట్రోల్ రూమ్‌లో అలారం మోగాలి. కేబుల్ లాగడానికి తెరిచిన తలుపుకు ఇటుకరాయి అడ్డం పెట్టే అలవాటు తేలిగ్గా పోదు.

డీసీ

బ్యాటరీ బ్యాంకును పెద్దది చేయడం కంటే అనవసర లోడ్లు తీసేయడం త్వరగా ఫలితమిస్తుంది. నాలుగు గంటల బ్యాటరీ ఎనిమిది, పన్నెండు గంటలు రావాలంటే, మొదటి గంట, గంటన్నరలోనే బ్రేకర్లు తీసేయాలి. జాబితా చీకట్లో టార్చ్ వెలుగులో చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ప్యానెల్ తలుపు లోపలే ఉండాలి. తీసేవాటిలో రియాక్టర్ మట్టం, పీడనం, కంటైన్‌మెంట్ పీడనం గేజీలు ఉండకూడదు. తప్పుగా తీస్తే ఒకటో యూనిట్ లాజిక్‌లా వాల్వులు మూసుకునే అవకాశం ఉందా అని ప్రతి బ్రేకర్‌కూ విడిగా చూడాలి. ఈ పనికే నెలలు పడుతుంది, ఇందులో తొందర పనికిరాదు.

పోర్టబుల్ జనరేటర్ వచ్చాక చాలామంది చేసే పొరపాటు, వెంటనే చార్జర్ ఆన్ చేయడం. చార్జ్ అవుతున్న బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది, ఆ గది ఫ్యాన్ ఆగి ఉంది. ముందు ఫ్యాన్‌కు కరెంటు, తర్వాతే చార్జర్. ఇంకొకటి, ఫేజుల వరుస. రెండు ఫేజులు తారుమారైతే మోటార్లు వెనక్కి తిరుగుతాయి, పంపు శబ్దం వస్తుంది గానీ తగినంత నీరు రాదు. కేబుల్ కొసలకు రంగులు, ఒక్కో ఫేజుకు ఒక్కో ఆకారపు ప్లగ్గు, మోటార్ ఎక్కించే ముందు ఫేజు మీటరుతో పరీక్ష. ప్యానెల్‌లో కరెంటు పంచే లోహపు పట్టీలో (బస్) వేరే సరఫరా లేదని నిర్ధారించుకోకుండా బ్రేకర్ వేయకూడదు. బయటి లైన్ తిరిగి వచ్చిన క్షణాన రెండూ కలిసిపోకుండా ఇంటర్‌లాక్ కావాలి.

కార్ల బ్యాటరీలతో చేసిన పనికి ఇప్పుడు సూట్‌కేసులో సరిపోయే కిట్ ఉంటుంది: సరైన వోల్టేజీ బ్యాటరీలు, క్లిప్పులు, ఏ టెర్మినల్ మీద ఏ గేజీ అన్న చీటీ. రిలీఫ్ వాల్వుకు విడి నత్రజని సిలిండర్, ఆర్‌సీఐసీని డీసీ లేకుండా చేత్తో మొదలుపెట్టే విధానం కూడా ఇందులో భాగమే. చివరిదాన్ని రాసుకుంటే చాలదు. ఆ గది అరగంటలో ఎంత వేడెక్కుతుందో కొలిచి, జట్టు మార్చుకునే సమయం నిర్ణయించాలి.

కదిలే సామగ్రి

అమెరికా నియంత్రణ సంస్థ 2012 మార్చి 12న మూడు ఆదేశాలిచ్చింది: కరెంటు, సముద్రపు నీటితో చల్లబరిచే దారి రెండూ పోయినా నిలబడే ఏర్పాట్లు, గట్టి వెంట్లు, ఇంధన పూల్ మట్టం కొలిచే పరికరాలు. మొదటిదానికి పరిశ్రమ ఇచ్చిన జవాబు ఫ్లెక్స్ అనే మూడంచెల విధానం. మొదట కేంద్రంలో బిగించి ఉన్నవాటితో, తర్వాత సైట్‌లోని కదిలే పంపులు, జనరేటర్లతో, చివరికి బయటి నుంచి వచ్చేవాటితో. యూనిట్ల సంఖ్య ఎంతో, దానికి ఒకటి ఎక్కువ సెట్లు. మెంఫిస్, ఫీనిక్స్‌లలో రెండు జాతీయ కేంద్రాలు 24 గంటల్లో సామగ్రి చేర్చాలి. ఫ్రాన్స్‌లో అణు కేంద్రాలను నడిపే ఈడీఎఫ్ సంస్థ నాలుగు స్థావరాల నుంచి వచ్చే ప్రత్యేక దళాన్ని తయారు చేసింది. దానికి తోడు, ఎంత పెద్ద విపత్తులోనైనా నిలవాల్సిన కొద్ది పరికరాల గట్టి గుండెకాయను, ప్రతి రియాక్టర్‌కూ ప్రత్యేక డీజిల్‌ను ఏర్పాటు చేసింది. స్విట్జర్లాండ్ రైట్‌నావులో బయటి గిడ్డంగి పెట్టింది.

సైట్‌లో గమనించాల్సినవి చిన్నవే. నాజిళ్లు రెండు, భవనానికి రెండు వేర్వేరు వైపుల, ఒకటి శిథిలాల కింద పోతే రెండోది ఉండాలి. కప్లింగ్ రకం దేశమంతా ఒకటే కావాలి, లేదంటే 24 గంటల్లో వచ్చిన పంపు హోస్ బిగదు. దాయిచీలో మూడు ఫైరింజన్లలో ఒకటే వాడకానికి దొరికింది, ఒకటి సునామీకి పోయింది, ఒకటి దారి మూసుకుపోయి అవతల చిక్కింది. కాబట్టి పంపు ఉన్న షెడ్డులోనే దారి తీసే లోడర్ కూడా ఉండాలి. పీల్చే కొసకు జల్లెడ, ఆ జల్లెడను శుభ్రం చేసే మనిషి. డీజిల్ ట్యాంకులో నీరు, నాచు చేరుతుంది. ఇంజన్‌ను ఉత్తినే, లోడ్ లేకుండా నెలనెలా నడిపితే పొగ గొట్టంలో మడ్డి పేరుకుంటుంది. లోడ్ బ్యాంకు, అంటే కృత్రిమంగా లోడ్ ఇచ్చే పరికరం పెట్టి నడపాలి. టైర్లలో గాలి, స్టార్టింగ్ బ్యాటరీ చార్జి: ఈ రెండూ తరచూ మొండికేస్తాయి.

పూల్, వెంట్

నాలుగో యూనిట్ పూల్‌లో 1,535 ఇంధన అసెంబ్లీలు. వాటి వేడి సుమారు 2.3 మెగావాట్లు, అంటే రోజుకు దాదాపు 80 టన్నుల నీరు ఆవిరి. పూల్‌లో వెయ్యి టన్నులకు పైగా నీరుంది కాబట్టి రోజుల తరబడి వ్యవధి ఉంది. కానీ మట్టం కొలిచే గేజీ లేక, పూల్ ఎండిపోయిందన్న భయం పుట్టింది, మూడో యూనిట్ మీద హెలికాప్టర్ల నుంచి నీరు చల్లే దాకా వెళ్లింది. 2012 నాటి అమెరికా ఆదేశం మూడు మట్టాలు చూపే, సొంత బ్యాటరీ ఉన్న గేజీ కోరింది: మామూలు మట్టం, పక్కన నిలబడితే రేడియేషన్ నుంచి రక్షణ దొరికే మట్టం, ఇంధనం పైకొస దగ్గరి మట్టం. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. చేసిన మార్పులన్నిటిలో ఇదే అత్యంత చవకైన తెలివి.

ఫిల్టర్ వెంట్లు కొత్తవి కావు, స్వీడన్ 1980ల్లోనే అన్ని రియాక్టర్లకూ పెట్టింది. రసాయనాలు కలిపిన నీటి ట్యాంకు గుండా వాయువు పంపితే ధూళి కణాల్లో వెయ్యికి ఒక వంతు కూడా బయటపడదు. జెనాన్, క్రిప్టాన్ అనే రేడియోధార్మిక వాయువులు మాత్రం ఆగవు. అందుకే వెంట్ ఎప్పుడు తెరవాలో, ప్రజలను ఖాళీ చేయించే పనితో కలిపి నిర్ణయించాలి. వాల్వు చేతి చక్రాన్ని పొడవైన షాఫ్టుతో గోడ అవతలికి తేవాలి. వెంట్ పైపును మరే యూనిట్‌తోనూ, మరే గాలి పైపుతోనూ పంచుకోకూడదు. రియాక్టర్ భవనం పైభాగాన కరెంటు అక్కర్లేని ఉత్ప్రేరక పలకలు హైడ్రోజన్‌ను కొద్దికొద్దిగా నీరుగా మారుస్తాయి. అవి నిదానం, పెద్ద వెల్లువను అందుకోలేవు, పై కప్పులో తెరిచే పలకలు వాటికి తోడు.

మనుషులు

పాత ప్రణాళికలు ఒక సమయంలో ఒక యూనిట్‌కే ప్రమాదం అనుకున్నాయి. దాయిచీలో మూడు రియాక్టర్లూ, పూళ్లూ ఒకేసారి. ఒక్కొక్కరికి తగిలిన రేడియేషన్ కొలిచే వ్యక్తిగత డోసిమీటర్లు చాలావరకు నీటిపాలై, జట్టుకు ఒకటి చొప్పున ఇచ్చి పంపాల్సి వచ్చింది. మార్చి 14న అత్యవసర డోసు పరిమితిని 100 నుంచి 250 మిల్లీసీవర్టులకు పెంచారు. ఒక మంచి నిర్ణయం మాత్రం ముందే జరిగింది: 2007 కషివజాకి భూకంపం తర్వాత, కంపనాలు తట్టుకునే అత్యవసర భవనాన్ని దాయిచీలో 2010లో పూర్తి చేశారు. అది లేకుండా ఆ సైట్‌ను నడపడం అసాధ్యమయ్యేది.

ఇప్పుడు సాధన చేసేటప్పుడు గడియారం పెట్టి చేయాలి, అన్ని యూనిట్లకూ ఒకేసారి, రాత్రి షిఫ్ట్‌లో ఉన్నంతమందితోనే. పగలు పదిమంది ఎంపికైనవారితో చేసిన సాధనలో కేబుల్ 40 నిమిషాల్లో కలిసిందంటే, రాత్రి ఐదుగురు, మాస్కులతో, ఫోన్లు లేకుండా చేస్తే ఎంత పడుతుందో విడిగా కొలవాలి. బ్యాటరీ ఆయువు లెక్కలో ఆ రెండో అంకె వాడాలి.

జపాన్‌లో 2012 సెప్టెంబర్‌లో కొత్త నియంత్రణ సంస్థ వచ్చింది, 2013 జూలై 8 నుంచి కొత్త ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. అందులో, కంట్రోల్ రూమ్ పోయినా రియాక్టర్‌ను నడిపించగల ప్రత్యేక భవనం ఐదేళ్లలో కట్టాలన్న షరతు పెట్టారు. దక్షిణ జపాన్‌లోని సెందాయ్ అణు కేంద్రం ఒకటో యూనిట్ గడువు దాటడంతో 2020 మార్చిలో దాన్ని ఆపేశారు. ఒనగవా రెండో యూనిట్ 13 ఏళ్లకు పైగా ఆగి, 2024 అక్టోబర్ చివర్లో మళ్లీ మొదలైంది.